గేమింగ్ పీసీకి కేబినెట్ కొంటున్నారా? ముందు గాలి దారి చూడండి



వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, పీటీఎంలో మార్కుల తర్వాత వినిపించే రెండో మాట ఇదే. "మేడమ్, మావాడు గేమింగ్ పీసీ కావాలని ఒకటే పోరు. కొనొచ్చంటారా?" కొనాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం. రోజుకు ఎంతసేపు ఆడనివ్వాలన్నది ఇంకో నెల మాట్లాడుకుందాం. ఈ నెల మాత్రం కొనాలని నిర్ణయించుకున్న వాళ్లకు పనికొచ్చే ఒక విషయం చెబుతాను. చూడటానికి చిన్నదే. కానీ దాన్ని పట్టించుకోకపోతే పాతిక ముప్పై వేలు పోసి కొన్న గ్రాఫిక్స్ కార్డు తన పని తాను పూర్తిగా చేయలేదు.

అదే కేబినెట్. మనలో చాలామంది "సీపీయూ" అని పిలిచే ఇనుప పెట్టె. నిజానికి సీపీయూ అంటే ఆ పెట్టెలో మదర్‌బోర్డు మీద కూర్చునే అగ్గిపెట్టె అంత చిప్పు. పెట్టె పేరు కేబినెట్. ఈ తేడా షాపుకు వెళ్లే ముందే తెలుసుకుంటే మంచిది. "సీపీయూ ఎంత?" అని మీరడిగితే, మీకు ఎంత తెలుసో షాపతనికి అక్కడే తెలిసిపోతుంది.

పార్టులు విడివిడిగా కొని బిగించుకునేటప్పుడు ప్రాసెసర్ ఏది, గ్రాఫిక్స్ కార్డు ఏది అని పిల్లలు నెలల తరబడి యూట్యూబ్ చూసి తేల్చుకుంటారు. కేబినెట్ దగ్గరికొచ్చేసరికి బడ్జెట్ అయిపోతుంది. మిగిలిన రెండు మూడు వేలలో ఏది బాగా మెరిస్తే అది తీసుకుంటారు. ముందంతా నల్లటి అద్దం, లోపల ఇంద్రధనుస్సు రంగుల్లో తిరిగే ఫ్యాన్లు, పక్కన "గేమింగ్" అన్న స్టిక్కరు. సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ దగ్గరున్న చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోకి ఒకసారి వెళ్లి చూడండి. ఒక్కో షాపు ముందు ఇలాంటివి వరసగా వెలుగుతూ కనిపిస్తాయి. తక్కువ ధరలో నిజంగా మంచివి కూడా ఆ వరసలోనే ఉంటాయి. వాటిని గుర్తుపట్టడమే మన పని.

మూడు బల్బుల పెట్టె

నేను ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఫిజికల్ సైన్స్ చెబుతాను కాబట్టి వేడి దగ్గర మొదలుపెడతాను. మధ్యస్థాయి గేమింగ్ పీసీని తీసుకుందాం. ప్రాసెసర్ రైజెన్ 5 5600 అయితే కంపెనీ చెప్పే లెక్క 65 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060 అయితే 170 వాట్లు. మదర్‌బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, ఎస్‌ఎంపీఎస్‌లో వృథాగా పోయేది కూడా కలుపుకుంటే ఆట నడుస్తున్నంతసేపూ సుమారు 300 వాట్లు అనుకోవచ్చు. తెర మీద బొమ్మ ఎంత అందంగా కదిలినా, ఆ పెట్టెలోకి వెళ్లిన కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది. పాత కాలం వంద వాట్ల బల్బులు మూడింటిని ఇనుప పెట్టెలో పెట్టి, మూత వేసి, రెండు గంటలు వెలిగించినట్టు ఊహించుకోండి.

ఈ వేడి బయటికి పోవాలంటే గాలే మోసుకుపోవాలి. ఎంత గాలి కావాలో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. నిమిషానికి 1400 లీటర్ల గాలి ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు పోతుంటే, 300 వాట్ల వేడిని మోసే ఆ గాలి పది పదకొండు డిగ్రీలు వేడెక్కి బయటపడుతుంది. గాలి సగానికి తగ్గి 700 లీటర్లయితే 21 డిగ్రీలు. 350 లీటర్లే అయితే 40 డిగ్రీలు దాటుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో 36 డిగ్రీలు ఉన్నాయనుకోండి. మొదటి కేబినెట్‌లోంచి వచ్చే గాలి 46, 47 డిగ్రీల దగ్గర ఉంటుంది. మూడో దాంట్లోంచి వచ్చేది 75 దాటుతుంది. గ్రాఫిక్స్ కార్డు చల్లబడాల్సింది ఆ గాలితోనే.

చిప్పు కాలిపోతుందేమోనని భయపడక్కర్లేదు. ఇప్పటి చిప్పులు తెలివైనవి. మోడల్‌ను బట్టి ఒక హద్దు పెట్టుకుని, అక్కడికి చేరగానే తమ వేగం తామే తగ్గించుకుంటాయి. నష్టం జరిగేది అక్కడే. ఆట మొదటి పది పదిహేను నిమిషాలు బ్రహ్మాండంగా నడుస్తుంది. తర్వాత ఆగి ఆగి కదులుతుంది. పిల్లలు దాన్ని "ల్యాగ్" అంటారు. కార్డు సరిపోవడం లేదు నాన్నా, ఇంకా పెద్దది కావాలంటారు. పాపం వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్లకు అలాగే అనిపిస్తుంది. మీరు ఇంకో పాతిక వేలు పెట్టి పెద్ద కార్డు కొంటే అది ఇంకా ఎక్కువ వేడి పుట్టిస్తుంది. పెట్టె మాత్రం పాతదే.

అందుకే మీ ఇంట్లో ఇప్పటికే గేమింగ్ పీసీ ఉండి ఇలాంటి గొడవ వస్తుంటే, డబ్బు తీసే ముందు ఈ పరీక్ష చేయించండి. పైసా ఖర్చు లేదు. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్ అన్నచోట జీపీయూ మీద నొక్కితే గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రత కనిపిస్తుంది. పక్క ప్యానెల్ మూసి అరగంట ఆడించి ఆ అంకె రాసుకోమనండి. తర్వాత పీసీ ఆపేసి, ప్యానెల్ తీసి పక్కన పెట్టి, అదే గదిలో అదే ఆట మళ్లీ అరగంట. లోపల వేలు పెట్టకూడదు సుమా. తెరిచినప్పుడు ఎనిమిది, పది డిగ్రీలు తగ్గి ఆట కూడా సాఫీగా నడిచిందంటే తప్పు కార్డుది కాదు, పెట్టెది. రెండు అంకెలూ దాదాపు ఒకటే అయితే కేబినెట్ మార్చి లాభం లేదు, కారణం వేరేచోట వెతకాలి. ఒకే ఒక్కటి మార్చి మిగతావన్నీ అలాగే ఉంచడం మా ల్యాబ్‌లో పిల్లలకు రోజూ చెప్పేదే. ఇంట్లో చేస్తే ఇంకా బాగా గుర్తుంటుంది.

ముందు భాగం మూసి ఉందా?

ఇక షాపులోకి వెళ్దాం. మొదట చూడాల్సింది కేబినెట్ ముఖం. అంటే ముందు ప్యానెల్. ఎందుకంటే చాలా కేబినెట్లలో చల్లగాలి లోపలికి రావాల్సింది అక్కడి నుంచే.

ఏడో తరగతి లెక్క ఒకటి చేద్దాం. కేబినెట్ ఫ్యాన్ సాధారణ సైజు 120 మిల్లీమీటర్లు. దాని వృత్త వైశాల్యం సుమారు 113 చదరపు సెంటీమీటర్లు. మధ్యలో మోటారు ఉన్న భాగం తీసేస్తే 100. ముందు మూడు ఫ్యాన్లు ఉంటే గాలి రావడానికి 300 చదరపు సెంటీమీటర్ల దారి కావాలి. ఇప్పుడు ముందంతా అద్దం బిగించి, అద్దానికి అటూ ఇటూ సెంటీమీటరు సందు వదిలిన కేబినెట్ చూడండి. ఎత్తు 40 సెంటీమీటర్లయితే ఒక్కో సందు 40, రెండూ కలిపి 80 చదరపు సెంటీమీటర్లు. మూడు ఫ్యాన్లు పెట్టామని మురిసిపోతాం గానీ వాటికి ఒక్క ఫ్యాన్‌కు సరిపడా దారి కూడా లేదు. మూతికి గుడ్డ కట్టుకుని పరుగెత్తినట్టే ఉంటుంది వాటి పని.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. కంపెనీలకూ తెలుసు. డీప్‌కూల్ వాళ్ల మ్యాట్రెక్స్ 55 మొదట ముందు అద్దంతో వచ్చింది. తర్వాత అదే పేరు చివర "మెష్" చేర్చి, అద్దం స్థానంలో జాలీ పెట్టి ఇంకోటి తెచ్చారు. కోర్సెయిర్ 2020లో తెచ్చిన 4000డి రెండు రకాలుగా వచ్చింది. పెట్టె ఒకటే. ఒకదానికి ముందు మూసిన రేకు, "ఎయిర్‌ఫ్లో" అని పేరు చేర్చిన రెండోదానికి రంధ్రాలున్న రేకు. పీసీ బిగించుకునే వాళ్ల నోట ఎక్కువగా వినిపించేది ఆ రెండోదే. అది మన బడ్జెట్ కన్నా కొంచెం పైనే ఉంటుంది గానీ, ఏం వెతకాలో చెప్పడానికి మంచి ఉదాహరణ.

కాబట్టి ముందు భాగం మెష్ ఉన్నది తీసుకోండి. మెష్‌లోనూ మాయ ఉంటుంది. బయట జాలీ కనిపిస్తుంది, దాని వెనక మందమైన ప్లాస్టిక్ రేకు ఉంటుంది. ముందు ప్యానెల్‌ను కింద పట్టుకుని లాగితే ఊడి వచ్చేస్తుంది. షాపతన్ని అడిగి తీయించండి. ఫోన్ టార్చ్ వెలిగించి వెనక నుంచి చూడండి. వెలుగు ధారాళంగా వస్తే గాలి కూడా వస్తుంది. అక్కడక్కడ చుక్కల్లా వస్తే ఇంకోటి చూపించమనండి. డెమో పీసీ నడుస్తుంటే ముందు ప్యానెల్ దగ్గర పల్చటి టిష్యూ కాగితం పట్టుకోండి. దాన్ని లాక్కుని అంటిపెట్టుకుంటే మంచి గుర్తు.

యూట్యూబ్ రివ్యూల గురించి ఒక మాట. విదేశాల్లో పరీక్షించేవాళ్లు చాలావరకు ఏసీ గదుల్లో చేస్తారు. గది 21 డిగ్రీలు ఉన్నప్పుడు కార్డు 68 చూపించిందంటే గది కన్నా 47 ఎక్కువ అన్నమాట. మన గది 36 అయితే అదే కార్డు 83 దగ్గర ఉంటుంది. అందుకే అమెరికాలోని గేమర్స్ నెక్సస్ లాంటి జాగ్రత్తపరులు గది ఉష్ణోగ్రత తీసేసి మిగిలిన తేడానే చూపిస్తారు. మీరు చూడాల్సింది ఆ తేడానే. దానికి మీ ఊరి మే నెల కలుపుకోండి.

టేపు పట్టుకెళ్లండి

రెండో విషయం కొలతలు. గాలి బాగున్నా కార్డు పట్టకపోతే ఏం లాభం? మదర్‌బోర్డు సైజులు ఎప్పుడో స్థిరపడిపోయాయి. ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ కొలత 305 బై 244 మిల్లీమీటర్లు. తక్కువ ధర బోర్డులు ఎక్కువగా మైక్రో ఏటీఎక్స్, 244 బై 244. ఏటీఎక్స్ కేబినెట్‌లో మైక్రో ఏటీఎక్స్ బోర్డు పడుతుంది, చిన్నదాంట్లో పెద్దది పట్టదు. ముప్పై ఏళ్ల కింద నిర్ణయించిన స్క్రూ రంధ్రాలే ఇవాళ్టికీ కొనసాగుతున్నాయి కాబట్టే మంచి కేబినెట్ ఒక్కసారి కొంటే రెండు మూడు మదర్‌బోర్డులు మార్చేదాకా ఉంటుంది. మిగతా పార్టులన్నీ పాతబడతాయి గానీ రేకు పాతబడదు.

గ్రాఫిక్స్ కార్డు పొడవు అసలు తలనొప్పి. రెండు ఫ్యాన్ల కార్డులు సాధారణంగా 200 నుంచి 250 మిల్లీమీటర్లు. మూడు ఫ్యాన్లవి 280 నుంచి 330 దాకా పోతాయి. ఒకే పేరున్న కార్డే కంపెనీని బట్టి ఐదారు సెంటీమీటర్లు తేడా ఉంటుంది. కాబట్టి కార్డు పేరు కాదు, ఏ కంపెనీ ఏ మోడల్ అన్నది చూసి కొలత రాసుకెళ్లాలి. కేబినెట్ డబ్బా మీద రాసే పొడవు ముందు ఏమీ లేనప్పటి లెక్క. ముందు వాటర్ కూలర్ రేడియేటర్ పెడితే అది 27, దాని ఫ్యాన్ 25, మొత్తం 52 మిల్లీమీటర్లు పోతాయి. ప్రాసెసర్ కూలర్ ఎత్తు కూడా చూసుకోవాలి. నిలువు కూలర్లు 150 నుంచి 165 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి. సన్నటి కేబినెట్ కొంటే పక్క అద్దం మూతపడదు.

కేబినెట్ లోపల మదర్‌బోర్డు బిగించే రేకు వెనక రెండు సెంటీమీటర్ల చోటు ఉందేమో చూడండి. వైర్లన్నీ అక్కడ దాచాలి. లేకపోతే అవి ముందుకు వచ్చి గాలికి అడ్డం పడతాయి. రేకు మందం అరమిల్లీమీటరు దగ్గర ఉంటే వేలితో నొక్కితే వంగుతుంది. తక్కువ ధరలో కొంత వంగడం సహజం. అంచులు కోసుకునేలా ఉంటే మాత్రం వదిలేయండి. బిగించేది పిల్లలు.

ఫ్యాన్ల గురించి ఎక్కువ చెప్పను. కేబినెట్‌తో పాటు కనీసం రెండు రావాలి, ముందు ఒకటి, వెనక ఒకటి. మూడు నాలుగు వస్తే ఇంకా మంచిది, విడిగా కొనే ఖర్చు తప్పుతుంది. వాటి వైరు చివర మదర్‌బోర్డుకు తగిలించే మూడు లేదా నాలుగు పిన్నుల కనెక్టర్ ఉండాలి. నేరుగా ఎస్‌ఎంపీఎస్‌కు తగిలించే పెద్ద మోలెక్స్ కనెక్టర్ మాత్రమే ఉంటే వేగం తగ్గించడం కుదరదు, రాత్రి చదువుకునేటప్పుడు కూడా గుయ్‌మని మోగుతూనే ఉంటుంది. రంగుల లైట్లు ఉండటం తప్పు కాదు. ఆపేసే బటన్ ఉండాలి. లైట్ల వైర్లలో రెండు రకాలున్నాయి. మూడు పిన్నులది 5 వోల్టులు, నాలుగు పిన్నులది 12 వోల్టులు. 5 వోల్టుల లైట్లకు 12 వోల్టులు ఇస్తే కాలిపోతాయి. ఇది మీ అబ్బాయికో అమ్మాయికో గట్టిగా చెప్పండి.

"ఎస్‌ఎంపీఎస్ ఫ్రీ" అంటే

ఇక్కడ కొంచెం ఆగి నిదానంగా చదవండి.

మన మార్కెట్లో "కేబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్" అన్నది చాలా పాత అలవాటు. రెండున్నర వేలకు పెట్టె, అందులో "450 వాట్లు" అని రాసిన ఎస్‌ఎంపీఎస్ ఉచితం. టైపింగుకు, ఆఫీసు పనికి ఇలాంటివి ఏళ్ల తరబడి నడిచాయి. గేమింగుకు ఇది పనికిరాదని నా గట్టి అభిప్రాయం. చేతిలోకి తీసుకుంటే బరువు తేలిగ్గా ఉంటుంది. 80 ప్లస్ ముద్ర ఉండదు. గ్రాఫిక్స్ కార్డుకు కావాల్సిన ఆరు లేదా ఎనిమిది పిన్నుల వైరు చాలావాటికి ఉండదు. అప్పుడు షాపులో ఒక కన్వర్టర్ ముక్క ఇస్తారు. ఆ ముక్క మీద 170 వాట్ల కార్డు నడపకండి. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ మదర్‌బోర్డునూ కార్డునూ వెంట తీసుకుపోయే ప్రమాదం ఉంది. కేబినెట్ ఖాళీది కొనండి. ఎస్‌ఎంపీఎస్ విడిగా, 80 ప్లస్ ముద్ర, వారంటీ ఉన్నది తీసుకోండి. డబ్బులు చాలకపోతే కేబినెట్‌లో వెయ్యి తగ్గించుకున్నా ఫర్వాలేదు, దీంట్లో తగ్గించకండి.

ఇంకో మాట, ఇది కేబినెట్ ధరతో సంబంధం లేనిది. నడుస్తున్న పీసీ ఇనుప భాగానికి చెయ్యి తగిలితే చీమ కుట్టినట్టు జివ్వుమంటోందని కొందరు తల్లులు చెప్పారు. పెట్టె పాడైందనుకుని మార్చేశారు కూడా. చాలాసార్లు తప్పు పెట్టెది కాదు, గోడలో ఎర్తింగ్ లేదు. ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటులోని గోలను తగ్గించడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి రెండు వైర్ల నుంచీ ఇనుప పెట్టెకు కలిసి ఉంటాయి. ఎర్తింగ్ సరిగ్గా ఉంటే ఆ కొద్ది కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే పెట్టె మీద 230లో సగం, అంటే 110, 115 వోల్టుల దాకా నిలుస్తుంది. ప్రవాహం చాలా స్వల్పం కాబట్టి జివ్వుమనడంతో సరిపోతుంది. కానీ ఎర్తింగ్ లేని ఇంట్లో రేపు నిజంగా లోపల వైరు తెగి రేకుకు తగిలితే కాపాడేది ఏదీ ఉండదు. పాత అద్దె ఇళ్లలో ఇది మామూలే. మూడో పిన్ను కోసేసిన ప్లగ్గులు, రెండు పిన్నుల కన్వర్టర్లు ఇంట్లోంచి తీసేయండి. కేబినెట్‌కు టెస్టర్ తాకిస్తే వెలుగుతోందంటే పీసీ ఆపి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. చెప్పులు వేసుకుని ఆడుకో అనడం దీనికి మందు కాదు.

మన ఇల్లు, మన దుమ్ము

కంప్యూటర్ టేబుళ్లలో "సీపీయూ" కోసం పక్కన ఒక చెక్క అర ఉంటుంది చూశారా, మూడు వైపులా మూసి? వెయ్యి రంధ్రాల మెష్ కేబినెట్ కొని దాంట్లో దూర్చితే మళ్లీ మొదటికే వచ్చాం. వెనక చెక్క తీయించేయండి, లేదా బయట చిన్న పీట మీద పెట్టండి. నాలుగంగుళాల ఎత్తు ఉంటే తడిగుడ్డ పెట్టేటప్పుడు నీళ్లు తగలవు, కింద నుంచి ఎస్‌ఎంపీఎస్‌కు గాలి కూడా అందుతుంది. పైన పుస్తకాలు, టిఫిన్ బాక్సు, ఆరేసిన తువ్వాలు పెట్టకూడదు. పైనున్న రంధ్రాలు గాలి పోవడానికే.

దుమ్ము ఫిల్టర్లు ముందు, కింద ఉండాలి, చేత్తో తీసి కడిగేలా ఉండాలి. స్క్రూలు విప్పితే గానీ రాని ఫిల్టర్‌ను ఎవరూ కడగరు, నేనైతే కడగను. రోడ్డు పక్క ఇల్లయితే పదిహేను రోజులకోసారి, లేకపోతే నెలకోసారి. పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి. బయటికి తోసే ఫ్యాన్ల కన్నా లోపలికి లాగే ఫ్యాన్లు ఒకటి ఎక్కువ ఉంటే గాలి ఫిల్టర్ల గుండానే వస్తుంది. లేకపోతే ప్రతి సందులోంచీ దుమ్ము పీల్చుకుంటుంది.

బల్లుల సంగతి ఏ విదేశీ రివ్యూలోనూ చెప్పరు. కేబినెట్ వెనక గ్రాఫిక్స్ కార్డు దగ్గర పొడుగాటి రేకు మూతలు ఉంటాయి. చవకవాటిలో అవి రేకుకే అతికి ఉంటాయి, ఒకసారి విరిస్తే మళ్లీ పెట్టలేం. ఆ సందులోంచి బల్లులు, బొద్దింకలు లోపలికి చేరతాయి. వెచ్చగా ఉంటుంది కదా, వాటికి ఇష్టం. మదర్‌బోర్డు మీద పడితే షార్ట్ సర్క్యూట్. అందుకని స్క్రూతో బిగించే మూతలు ఉన్న కేబినెట్ చూడండి. యాభై, వంద రూపాయల తేడా ఇది.

అద్దం పక్క ప్యానెల్ తీసినప్పుడు టైల్స్ నేల మీద నిలబెట్టకండి. టెంపర్డ్ గ్లాస్ మధ్యలో ఎంత బలమో అంచున అంత బలహీనం. గట్టి టైలుకు మూల తగిలితే చాలు, మొత్తం అద్దం ఒక్కసారిగా చిన్న చిన్న ముక్కలై రాలిపోతుంది. మంచం మీద దుప్పటి పరిచి పడుకోబెట్టాలి. ఇంట్లో పాకే పిల్లలుంటే అద్దం లేని, రేకు ప్యానెల్ కేబినెట్ తీసుకోవడమే నయం. అది రెండు మూడు వందలు తక్కువకు కూడా రావచ్చు.

ఎంత పెట్టాలి అని అడుగుతారు. అరవై వేల పీసీ అయితే కేబినెట్‌కు మూడు, నాలుగు వేలు చాలని నా అంచనా. అంతకు తక్కువలోనూ మెష్ ముందు భాగం, రెండు ఫ్యాన్లు ఉన్నవి దొరుకుతాయి, ఓపిగ్గా నాలుగు షాపులు తిరగాలి. ఎనిమిది వేల కేబినెట్ అడిగితే ఆ తేడా డబ్బు ఎస్‌ఎంపీఎస్‌లోనో ర్యామ్‌లోనో పెట్టమని చెప్పండి. ఎందుకో పైన చెప్పిన లెక్కలతో వాళ్లే మీకు వివరించాలి. వివరించగలిగితే కొనివ్వడానికి నాకేం అభ్యంతరం లేదు.

జీఎస్టీ బిల్లు తీసుకోండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే డబ్బా విప్పేది వీడియో తీయండి, దారిలో అద్దం పగిలి రావడం అరుదేమీ కాదు. షాపులో కొంటే బయటికి రాకముందే లోపలున్న చిన్న ప్లాస్టిక్ సంచి తెరిచి చూడండి. మదర్‌బోర్డు కింద పెట్టే ఇత్తడి స్టాండాఫ్‌లు, స్క్రూలు అందులోనే ఉంటాయి. ఏటీఎక్స్ బోర్డుకు తొమ్మిది కావాలి. కేబినెట్‌కు ముందే బిగించినవి ఎన్ని, సంచిలో ఎన్ని అని కలిపి లెక్క పెట్టుకోండి. తక్కువైతే అక్కడే అడిగితే ఊరికే ఇస్తారు. ఇంటికొచ్చాక రాత్రి పదింటికి ఒక్క స్క్రూ కోసం పని ఆగిపోతే, ఆ పిల్లల ముఖాలు చూడలేం.

— ఫిజికల్ సైన్స్ టీచర్, హైస్కూల్ విభాగం